రెండు నొక్కులు

కాకినాడ మెయిన్‌రోడ్డు కొట్లో జిలానీ సాయిబు
ఆకుపచ్చ గుడ్డ మీద రెండు తూటాలు నిలబెట్టాడు.
ఒకటి చంటిపిల్ల చిటికెనవేలంత.
ఇంకోటి పొడుగ్గా, సీసా మెడతో.

"గుండు లావు రెంటికీ ఒకటేనండి ఏడుకొండలు గారూ,
కడుపులో మందే తేడా."

బోర్లించి అడుగులు చూపించాడు.
పొడుగుదానికి నడిమధ్యన
నుదుటి బొట్టంత గుండ్రం. సూది అక్కడే పొడవాలి.
పొట్టిదానిది బోసి నుదురు.
నిప్పంతా అంచులోనే,
గాజు చుట్టూ దాచిపెట్టినట్టు.

మా నాన్న మూడొందల బాతుల మనిషి.
తాళ్లరేవు దిగువన, మడ అడవి మొదలయ్యే చోట
రాత్రికి రెండేసి నక్కల పాలవుతుంటే
గుడ్ల డబ్బు మూటగట్టి,
లైసెన్సు కాగితం బనీను లోపల దోపి,
నన్ను వెంటేసుకుని బస్సెక్కాడు.
నక్కని కాల్చకూడదనే చట్టం అప్పటికింకా రాలేదు.

"ఈ పొడుగుదైతే
నూటయాభై గజాల్లో నక్క నిలబడ్డచోటే కూలుద్ది.
ఖాళీ గొట్టం మళ్ళీ నింపుకోవచ్చు.
కాకపోతే ఖరీదు. పైగా ఆ మోతకి
మీ బాతులు వారం దాకా గుడ్డు పెట్టవు.
పొట్టిది పావలాలో పని,
కొబ్బరికాయ కొట్టినంత చప్పుడు.
కానీ యాభై గజాలు దాటిందా
నక్కకి దెబ్బ తగులుద్ది, చావు తగలదు.
ఏ మొగలిపొదలోనో మూడ్రోజులు మూలుగుద్ది."

నాన్న పొడుగుదాన్ని అరచేతిలో వేసుకుని
బంగారం తూచినట్టు తూచాడు.

సాయిబు కళ్ళద్దాలు తీశాడు.
"నక్క ఎంత దూరంలో నిలబడుద్దో చెప్పారు.
నక్క వెనకాల ఏముంటదో చెప్పలేదు."

నాన్న వేళ్ళు మడిచాడు.
వరిచేను. కాలవ.
కాలవలో బుడ్డిదీపంతో ఓలేటి వాళ్ళ నావ.
అవతల పీతలు పట్టేవాళ్ళ పాకలు.
తెల్లారకముందే చెట్టెక్కే గుబ్బల వీరాస్వామి,
నడుముకి కల్లుముంత.
ఆపైన ఇంక సముద్రమే.

కొండలున్న చోట గుండుని కొండ ఆపుతుంది.
మాది గోదారి మోసుకొచ్చి పోసిన నేల,
చేటలో బియ్యం సర్దినంత చదును.
ఇక్కడ గురి తప్పిన గుండుకి
అడ్డొస్తే మనిషే రావాలి.

"పొట్టిదీ తక్కువది కాదండోయ్," అన్నాడు సాయిబు,
"నీళ్ళ మీద పడితే కప్పగంతులేసుకుంటా పోద్ది.
మంచె కట్టి కిందకే కొట్టండి, బురదలోకి.
మీకు మీ బురదే కొండ."

సరుగుడు బాదుల మంచె.
నలభై అడుగుల దూరంలో బోర్లించిన పగిలిన కుండ.
కుండ దాటి ఇవతలికొస్తేనే, అన్నాడు నాన్న.
పదకొండు రాత్రులు ఏదీ దాటలేదు.
కుండకి అవతల కూర్చుని
మమ్మల్ని వాసన చూసి పోయేవి.
నాన్న బుగ్గ రైఫిలు కర్ర మీదే ఉండేది,
వేలు మాత్రం కదిలేది కాదు.
పొడుగుదైతే ఈపాటికి, అని నేను గొణిగితే
మోచేత్తో పొడిచాడు.

పన్నెండో రాత్రి మంచు పడుతుండగా
ఒకటి కుండ దాటింది.

టిక్.

గోదారి గాలికి అప్పడాలే మెత్తబడతాయి,
మందెంత.

నక్క తలెత్తి మంచె వంక చూసింది.

అంచులో నిప్పు ఒకచోట చచ్చినా
ఇంకోచోట బతికుంటుందని సాయిబు చెప్పాడు కదా,
నాన్న బోల్టు లాగాడు.
తూటాని గోటితో పావుచుట్టు తిప్పాడు.
బోల్టు మూశాడు.
నేను దోమని కొట్టుకోవడం మానేశాను.
అంతసేపూ అది కదల్లేదు.

కొబ్బరికాయ కొట్టినంత చప్పుడు.
బాతుల్లో ఒకటో రెండో నిద్రలో కసిరాయి.

తర్వాత చట్టమొచ్చింది.
ఎలక్షన్లకని స్టేషన్లో జమచేసిన రైఫిలుని
నాన్న తిరిగి తెచ్చుకోలేదు.
పాకకి ఇనుప వల కట్టించాడు,
ఆ ముక్క మొదట్లోనే ఎవరూ చెప్పలేదేమని
అందరి మీదా విసుక్కుంటూ.

ఖాళీ గొట్టం నా దగ్గరుంది.
అంచున రెండు నొక్కులు.
వేలితో తడిమితే
మొదటిదానికీ రెండోదానికీ మధ్య
రవ్వంత నున్నటి చోటు.

అక్కడ నక్క
ఇంకా నాన్ననే చూస్తోంది.